బావ లేపిన బరువు

మా బావ పోయాడన్న కబురు తెల్లవారగానే వాళ్ల పక్కింటి ఆపా ఫోన్‌లో చెప్పింది. "నిద్రలనే పోయిండు భయ్యా. జల్ది రా. అక్క ఇంక మంచం మీదనే ఉంది, లేపెటోళ్లు లేరు."

నేను శంషాబాద్ చేరేసరికి ఆపా, అక్క కోడలు కలిసి అక్కను కూర్చోబెట్టారు. వరండాలో మగవాళ్లు బావ మీద తీర్పు చెప్పేశారు.

"బస్కీలు తీసీ తీసీ గుండె ఆగింది" అన్నాడొకాయన.

"పెండ్లాం మంచాన పడ్డా తన ఒళ్లు తను చూసుకున్నడు" అన్నాడు బావ సొంత తమ్ముడు. రాజేంద్రనగర్‌లో ఉంటాడు. ఖరీదైన బూట్లు వేసుకుని పార్కులో నడిచొస్తాడు; ఇంట్లో మాత్రం మంచినీళ్ల గ్లాసు చేతికి అందాల్సిందే. శవం ముందు నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

కొన్నేళ్ల కింద అక్కకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. కొడుకు కాటేదాన్‌లో ఫ్యాక్టరీకి, కోడలు ఎయిర్‌పోర్టులో డ్యూటీకి పోవాలి. మనవరాలిని బడి ఆటో ఎక్కించడం, వంట, అక్క, అన్నీ బావవే అయ్యాయి. ఒకరోజు అక్కను లేపబోతే ఆయన మోకాలు జారి ఇద్దరూ నేల మీద పడ్డారు. ఆపా వచ్చి చూసేదాకా అట్లాగే ఉన్నారు. "ఏం లేదు ఆపా, రన్‌వే సరిపోలే" అన్నాడట బావ. అక్క ఏడుస్తూనే నవ్విందట.

ఆ మర్నాటి నుంచి పప్పు కుక్కర్ పెట్టి, కూతలు అయ్యేదాకా వంటగట్టు పట్టుకుని బస్కీలు తీసేవాడు. వ్యాయామానికని వేరే గంట ఆయన బతుకులో లేదు.

"ఏంది బావా, డెబ్బై దాటినంక పహిల్వాన్ అయితవా?" అన్నాను.

"నువ్వు పుస్తకం కంటె బరువైంది ఎప్పుడన్న లేపినవా బామ్మర్దీ?"

బరువు బాధ్యతలు అన్న జంటమాటను చాలా పుస్తకాల్లో చదివాను. అందులో మొదటి మాట బావ వంగినప్పుడే అర్థమైంది.

ఇంటి మీదుగా విమానం లేచే చప్పుడు వినబడితే చాలు, "అగో, గంత బరువు గాల్లకు లేస్తుంది, నీదెంత?" అంటూ మంచం దగ్గరికి వచ్చేవాడు. అక్క కుడి చేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని, చేతులు రెండూ దండలా ఆయన మెడలో వేసేది. "నడుము కాదు, మోకాళ్లు వంచాలె" అని తనకు తానే చెప్పుకుంటూ బావ ఆమెను కుర్చీలోకి మార్చేవాడు.

ఆ తమ్ముడు ఒకసారి, "వదినను ఏదన్న ఆశ్రమంల పెట్టరాదు, అందరు జర నిమ్మళమైతరు" అన్నాడు.

"నా కాళ్లు వంగినన్ని దినాలు వంగనీ తమ్మీ" అన్నాడు బావ. కోపం లేకుండా అన్నాడు. ఆ కోపం నేను దాచిపెట్టుకున్నాను.

బావ చూసుకున్నది తన ఒళ్లే. కాదనను. అక్క లేవాలంటే ఆ ఇంట్లో ఉన్నది ఆ ఒళ్లొక్కటే.

దినాల నాడు, భోజనాల దగ్గర, తమ్ముడు మళ్లీ ఆశ్రమం మాట ఎత్తాడు. మేనల్లుడు తల వంచుకున్నాడు. అప్పుడే విమానం లేచింది. లోపల మంచం మీద అక్క, అలవాటు కొద్దీ, ఎడమ మణికట్టు పట్టుకుని చేతులు పైకెత్తింది. ఆ దండ గాలిలో ఖాళీగా నిలబడింది. బూట్లాయన విస్తరిలోకి చూస్తున్నాడు.

నేను చెయ్యి కడుక్కుని వెళ్లి తల వంచాను.

"నడుము కాదురా, మోకాళ్లు" అంది అక్క, నా చెవిలో. "మీ బావను గిన్నేండ్లు ఏం చూసినవ్?"

విమానం వెళ్లిపోయింది. మేమింకా లేస్తూనే ఉన్నాం.