ఆరు సెట్లు, రెండంగుళాల తీగ

సోమవారం ఉదయం ఏడూ నలభైకి కంచన్‌బాగ్ ఫ్యాక్టరీ గేటు దాటాను. ముసురు పట్టి ఉంది. సంచిలో సోల్డరింగ్ ఐరన్, పట్టకారు, కళ్లద్దాలు, రెండు జొన్నరొట్టెలు. ముప్ఫై ఏళ్లు రేడియో బోర్డులకు టంకం వేసి రిటైరైన దాన్ని. పన్నెండు రోజుల డ్యూటీకి మళ్లీ పిలిచారు. చదివింది మూడో తరగతి. చెయ్యి మాత్రం ఇప్పటికీ వణకదు.

షెడ్డులో ముగ్గురం. ఇంజనీరు పిల్ల, సిగ్నల్స్ దళం హవల్దార్, నేను. బల్ల మీద ఆరు కొత్త రేడియో సెట్లు. మాట్లాడే బటన్ నొక్కితే చాలు, సెట్టు ఆరిపోయేది. పన్నెండో రోజు మధ్యాహ్నం రెండుకు వాటిని తీసుకెళ్లే ట్రక్కు. అప్పటికి బాగుపడకపోతే హవల్దార్ మనుషులు పాత సెట్లతోనే మంచుకొండ ఎక్కాలి.

"పోయిన చలికాలం పాతది మూగవోయింది అమ్మా. ఒకనికి కాలిరిగితే, కిందోళ్లకు చెప్పనీకి నాలుగు గంటలు నడిచినం" అన్నాడు. పాలమూరు వాడు.

ఇంజనీరు పిల్ల బోర్డు విప్పి చూపించింది. సెట్టుకు కరెంటు సరిచేసి ఇచ్చే చిప్పు ఒకటి ఉంటుంది. వోల్టేజి ఎంతుందో అది ఒక సన్నటి కాలుతో తెలుసుకుంటుంది. బటన్ నొక్కగానే ఆ పక్క నుంచే పెద్ద కరెంటు ఆగుతూ పారుతూ పోతుంది. దాని లొల్లి కాలుకు తగిలితే చిప్పు బెదిరి సరఫరా ఆపేస్తుంది.

"చెవి పక్కన డోలు కొడితే ఎవరి మాట ఇనబడ్తది?" అన్నాను.

"గదే అమ్మమ్మా. నడుమ రాగిరేకు అడ్డం పెట్టాలె. రేకు నుంచి తీగ మాత్రం చిప్పు సొంత గ్రౌండ్ కాలుకే పోవాలె."

ఎనిమిది రోజులు కొలతలు, కత్తిరింపులు, టంకం. తొమ్మిదో రోజు పదింటికి పరీక్ష. ఆరుకు ఆరూ ఆరిపోయాయి.

ఆ పిల్ల ముఖం వాడిపోయింది. "నా డ్రాయింగే తప్పేమో" అంది.

నేను ఒక బోర్డు దగ్గరికి లాక్కుని చూశాను. చిప్పు కాలు దాకా తీగ రెండంగుళాలు చుట్టి పోవాలి. పక్కనే లావు గ్రౌండ్ పట్టీ ఉంది. గ్రౌండ్ ఎక్కడైనా గ్రౌండే కదా అని, తీగ మిగిల్చి అక్కడే అతికించాను. పెద్ద కరెంటు తిరిగి వెళ్లే దారి అదే. అడ్డం పెట్టిన రేకే లొల్లిని కాలు దగ్గరికి మోసుకొచ్చింది.

"నీ డ్రాయింగ్ మంచిగనే ఉంది బిడ్డా. తీగ నేనే మిగిలిచ్చిన."

"ఎంత?"

"రెండంగుళాలు."

హవల్దార్ పకపకా నవ్వాడు. "అమ్మా, మీ ఇంట్ల చాయ్‌ల చక్కెర గూడ గిట్లనే ఏస్తరా?"

"నీకైతే అసలే ఎయ్య. సెట్లు ఇప్పు."

మూడు రోజులు తల ఎత్తలేదు. పాత టంకం ఊడదీశాను. ఒక్కో తీగా చిప్పు కాలు దాకా తీసుకెళ్లాను. పన్నెండో రోజు పదకొండున్నరకు హవల్దార్ ఒక సెట్టుతో ప్రహరీ చివరికి నడిచాడు.

"ఏక్ సే దో" అని ఒకటో సెట్టు నుంచి నా చేతిలోని రెండోదాన్ని పిలిచాడు. "ఇనబడ్తుందా? ఓవర్."

"సాఫ్ ఉంది. బటన్ ఇడువకుండ నూరు దాక లెక్కపెట్టు. ఓవర్" అన్నాను.

వాడు లెక్కపెట్టాడు. ఒక్క అంకె తెగలేదు. ఒకదాని తర్వాత ఒకటి, ఆరు సెట్లతోనూ నూరు దాకా చెప్పించాను. ఇంజనీరు పిల్ల నా రెండు చేతులూ పట్టుకుంది.

సాయంత్రం చార్మినార్ దగ్గరి మా గల్లీకి చేరాను. "గిన్ని రోజులు ఏం జేసినవ్ అత్తమ్మా?" అని కోడలు అడిగింది.

"ఆరు సెట్లు మంచుకొండకు పంపిన" అన్నాను. అంతకన్నా ఎక్కువ చెప్పలేదు.

ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోనిది ఒకటుంది. ఆ మధ్యాహ్నం రెండు గంటలకు జోరువాన. ట్రక్కు వెనక భాగానికి కప్పు లేదు. హవల్దార్ తన రెయిన్‌కోటు విప్పి ఆరు సెట్ల మీద కప్పాడు. అంచులు నాలుగు వైపులా బూట్లతో, మోకాళ్లతో, చేతులతో అదిమిపెట్టి కూర్చున్నాడు. గేటు దాటే దాకా నీళ్లు వాడి ముక్కు మీదుగా కారుతూనే ఉన్నాయి. తుడుచుకోవడానికైనా చెయ్యి తీయలేదు.