నీళ్ల గుంట

కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కితే ఖాకీ చొక్కా వేసుకున్న అటవీ ఉద్యోగి పక్కన సీటు దొరికింది. ఆయనే మాట కలిపాడు.

"జింకలకు నీళ్లు దొరకాలని ఊరవతల గుంట తవ్విచ్చినం. ఎలుగుబంటి గూడ వస్తదని ఎవలకు తెలుసు? ఒకాయన మీద పడ్డది. ఇప్పుడు జాగ మార్చినం. చేసి చూస్తెనే గదా తెలిసేది!"

ముందు సీట్లో కూర్చున్న ఆమె వెనక్కి తిరిగింది.

"మీరు తెలుసుకున్నరు సారు, మంచిదే. మా ఇంటాయనకు రెండు కండ్లు పోయినయ్."

ఆమే మళ్లీ అడిగింది.

"ఇప్పుడు ఏడ తవ్విచ్చిండ్రు?"

"గుట్ట వెనకాల."

"ఆడ మా చెల్లె మేకలు మేపుతది."

ఇప్పటికీ పేపర్లో ఎలుగుబంటి అన్న మాట కనబడితే, ఊరి పేరు చూడకుండా పేజీ తిప్పలేను.