ఎంగిలాకుల సాక్ష్యం

ఫిల్మ్ నగర్‌లో మా ఆఫీసు వెనక సందులోకి మధ్యాహ్నం చెత్తబండి వచ్చినప్పుడల్లా పులిసిన సాంబారూ, వాడిన అరిటాకూ, తడి కరివేపాకూ కలిసిన వాసన ఒకటి కిటికీలోంచి దూరి వస్తుంది. అందరూ ముక్కులు మూసుకుని కిటికీ వేసెయ్యమంటారు. నేను మాత్రం లేచి వెళ్ళి అక్కడే నిలబడతాను. నవ్వకండి, నాకది మా తాతయ్య వాసన.

తాతయ్య అంటే మా అమ్మ వాళ్ళ నాన్న. గోదావరి జిల్లాల్లో పెళ్ళిళ్ళకు వంటలు చేసేవాడు. మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు, ముతక పంచె, భుజాన తువ్వాలు, ఎప్పుడూ ఇంగువ వాసన వేసే వేళ్ళు. వేసవి సెలవులొస్తే నన్నూ తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని, ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని, యూసుఫ్‌గూడలో ఉండే మా పిన్ని ఇంటికి రైల్లో తీసుకొచ్చేవాడు. బాబాయి సినిమా సెట్లకు వడ్రంగి పని చేసేవాడు. ఆ ఇంటి మెట్ల మీద ఎప్పుడూ రంపపుపొట్టు. ట్యాంకరు వచ్చిన పొద్దున బిందెల గోల. సాయంత్రం డాబా మీద సుద్దముక్కతో గీసుకున్న తొక్కుడుబిళ్ళ గళ్ళు, పక్కింటివాళ్ళు ఆరబెట్టిన మామిడి ఒరుగుల మీద మా కన్ను.

తెలియని ఊళ్ళో మంచి హోటలు కనిపెట్టడం తాతయ్యకు పండగ. "ఊరొచ్చి ఆ ఊరి వంట తినకపోతే, గుడికెళ్ళి దణ్ణం పెట్టకుండా వచ్చేసినట్టే" అనేవాడు. బోర్డులు చదివేవాడు కాదు, ఎవర్నీ అడిగేవాడు కాదు. భోజనాల వేళ దాటుతుండగా మమ్మల్ని తిన్నగా హోటలు వెనక సందులోకి తీసుకెళ్ళి, అక్కడ పడేసిన ఎంగిలాకులు చూసేవాడు.

"ఆకు అబద్ధం ఆడదే అమ్మడూ" అని, కర్రపుల్లతో ఒక్కో ఆకూ విప్పి మాకు పాఠం చెప్పేవాడు. పప్పు మిగిలితే ఉప్పు తప్పినట్టు, వేపుడు మిగిలితే నూనె పాతదైనట్టు, పెరుగన్నం వదిలేశారంటే పెరుగు పులిసిపోయినట్టు. కరివేపాకు, ఎండుమిరపకాయ, మునక్కాయ పిప్పి తప్ప ఇంకేమీ కనిపించకపోతే పుల్ల అవతల పారేసి, చేతులు దులుపుకుని, "పదండి, కూర్చుందాం" అనేవాడు. ఆ మాట కోసం మేం ఊపిరి బిగబట్టుకుని చూసేవాళ్ళం. ఒక్కసారి కూడా ఆయన లెక్క తప్పలేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, సినిమావాళ్ళంతా భోంచేసే హోటలొకటి జూబ్లీహిల్స్‌లో ఉందని బాబాయి చెప్పాడు. మే నెల ఎండలో కొండెక్కినట్టు ఆ రోడ్డంతా ఎక్కాం. గోడల మీదుగా కిందికి వాలిన కాగితంపూలు, గేట్ల వెనక అరిచే కుక్కలు, కరిగిన తారు చెప్పులకు అంటుకోవడం, హోటలు ముందు వరసగా కార్లు. మేం మామూలుగా వెనక సందులోకి తిరిగాం. తాతయ్య వంగి రెండో ఆకు విప్పాడో లేదో, కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు.

"ఓ ముసలాయనా, గీడ ఏం ఏరుకుంటున్నవ్? నడువ్, నడువ్!"

ఆ అరుపుకు తెల్ల చొక్కాలో యజమాని బయటికొచ్చాడు. తాతయ్య పంచె చూశాడు, చేతిలో ఆకు చూశాడు, మమ్మల్ని చూశాడు.

"పోన్లే, అరవకు. పిల్లల్తో వచ్చాడు పాపం. లోపల మిగిలిందేదన్నా కట్టివ్వు" అన్నాడు.

తిట్టినా బాగుండేది. వేలమందికి వండి వడ్డించిన మనిషికి ముష్టి వేశాడు వాడు! తాతయ్య నోరు తెరిచాడు. నేను వంటవాణ్ణండీ అంటాడని ఎదురుచూశాను. ఆయన పొట్లం రెండు చేతులా అందుకుని, రోడ్డు పక్కన ఒక రాతి మీద కూర్చుని విప్పాడు. నేను విసిరి కొట్టబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పే. అన్నం ఏం చేసింది?"

ముగ్గురం తిన్నాం. రుచి గురించి ఆయన ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఏ ఊళ్ళోనూ, ఏ హోటలూ వెతకలేదు. రెండేళ్ళకు పోయాడు. ఆ యజమానిని వదలనని ఆ రాయి దగ్గరే అనుకున్నాను. పాముపగ అంటారు గానీ, నా ముందు పామెంత!

దేవుడున్నాడు, నాకు ఈ ఫిల్మ్ నగర్‌లోనే ప్రొడక్షన్ ఆఫీసులో ఉద్యోగం ఇచ్చాడు. చెన్నై నుంచి, ముంబై నుంచి షూటింగులకు వచ్చేవాళ్ళకు ఈ ఊరు కొత్త, "మేడమ్, మంచి భోజనం ఎక్కడ దొరుకుతుంది?" అని అందరూ నన్నే అడుగుతారు. పది హోటళ్ళ పేర్లు చెప్పి, చివర "ఆ హోటలుకు మాత్రం వెళ్ళకండి, అయ్యో, అక్కడా!" అని మొహం చిట్లించేదాన్ని. అంతే, ఇంకో మాట అక్కర్లేదు. ఆఫీసు నుంచి ఆఫీసుకు ఆ చిట్లింపు పాకిపోయింది. ఏళ్ళ తరబడి అలా చేశాను, చేసినప్పుడల్లా నాకు కడుపు నిండేది.

కిందటేడు ఆ యజమానే మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టలేదు. ఎలా గుర్తుపడతాడు?

"అమ్మా, ఇక్కడ మీ మాట మీదే అందరూ తింటారటండీ. మీ షూటింగు భోజనాలు మాకిప్పిస్తే నిలబడతామండీ. లేకపోతే మూసుకోవడమే."

దొరికాడు! ఆ పూటే కాదనేయొచ్చు. కానీ వాడి వంటను తాతయ్య పద్ధతిలోనే పట్టి, న్యాయంగా కాదనాలని నా పంతం. మర్నాడు భోజనాల వేళ దాటుతుండగా ఆ హోటలు వెనక సందుకు వెళ్ళాను. పుల్ల తీసుకుని పది ఆకులు విప్పాను. ఇంకో పది విప్పాను. కరివేపాకు. ఎండుమిరపకాయలు. మునక్కాయ పిప్పి. ఒక్క మెతుకు లేదు.

తాతయ్యయితే చేతులు దులుపుకుని లోపలికి నడిచేవాడు. నేను ఆఫీసుకొచ్చి ఫోన్ చేశాను.

"వద్దండీ. రుచి లేదు."

"ఏం తగ్గిందో చెప్పమ్మా, సరిచేసుకుంటాను" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

దీపావళికి ముందే ఆ హోటలు మూతపడింది. ఇప్పుడక్కడ అద్దాల కాఫీ షాపు ఉంది. వెనక సందుకు గేటు పెట్టారు, అరిటాకులు లేవు, అన్నీ కాగితం కప్పులే. నేను పశ్చాత్తాపపడుతున్నానా? లేదు. తాతయ్యకు చెప్పుకోగలనా? అదీ లేదు. మొన్న చెన్నై నుంచి వచ్చిన ఒక కెమెరామన్ ఎప్పటిలాగే అడిగాడు, ఈ చుట్టుపక్కల మన ఇంటి వంటలా ఉండే హోటలేదైనా ఉందా మేడమ్ అని.

"ఒకటి ఉండేదండీ, చాలా బాగుండేది. మూసేశారు" అన్నాను. ఎవరు మూయించారో చెప్పలేదు.