'బ్యారన్‌లో శవం' కోసం వేటపాలెం

ఫోన్ మోగినప్పుడు గుంటూరులో మా ఇంటి వరండాలో గడ్డం గీసుకుంటున్నాను. "పత్రికలో మీ వ్యాసం చదివానండి. మీరు వెతికే నవల నా దగ్గరుంది, ఆఖరి పేజీలతో సహా," అన్నారు ఒకావిడ. పేరు మస్తాన్‌బీ, వేటపాలెంలో జీడిపప్పు వ్యాపారమట. సగం గడ్డంతోనే రైలు వేళలు చూశాను.

మెజీషియన్‌గా స్టేజీ మీద జనం మనసులో మాట చెప్పి ముప్పయ్యేళ్లు బతికాను. ఇప్పుడు డిటెక్టివ్ నవలలు రాస్తున్నాను. ఆ పిచ్చి అంటించింది హైస్కూల్లో చదివిన 'బ్యారన్‌లో శవం'. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో ఒక వ్యాపారి హత్యకు గురవుతాడు. నాకు దొరికిన ప్రతిలో చివరి పేజీలు లేవు. హంతకుడు ఆ వ్యాపారి బావమరిదేనని నా గట్టి నమ్మకం.

మర్నాడు ఉదయం ఏడింటికల్లా స్టేషన్లో ఉన్నాను. తెనాలిలో దిగి ఇడ్లీ తిని, ఒంగోలు వైపు పాసింజరు ఎక్కాను. ఎదురుగా, గుంటూరు యార్డులో మిర్చి అమ్ముకుని వస్తున్న రైతు. ఆయన బట్టల ఘాటుకు పెట్టెలో సగం మంది తుమ్ముతున్నారు. నా పాత వృత్తి చెప్పగానే, "అయితే వచ్చే వారం మిర్చి రేటెంతో చెప్పండి చూద్దాం," అన్నాడు.

"మనుషుల మనసైతే చెబుతానండీ, యార్డు మనసు నా వల్ల కాదు," అన్నాను. తుమ్ముతూనే నవ్వారందరూ.

వేటపాలెంలో ఆటో ఎక్కితే నేరుగా జీడిపప్పు షెడ్డు ముందు దింపాడు. మస్తాన్‌బీ గారు అరవై దాటిన మనిషి, గొంతు పెద్దది. "మా నాన్న చీరాల్లో నవలలు అద్దెకిచ్చేవాడండి. కొట్టు ఎత్తేసేటప్పుడు ఇదొక్కటి నేను దాచుకున్నా."

అట్ట చూడగానే గుర్తుపట్టాను. చెయ్యి చాచాను. ఆవిడ పుస్తకం వెనక్కి లాక్కున్నారు. "ఆగండాగండి. హంతకుడెవరో ముందు మీరు చెప్పాల."

"బావమరిది!"

పప్పు ఏరుతున్న ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. భోజనాల వేళ ఆవిడ ఆ నవల వాళ్లకు చాలాసార్లే చదివి వినిపించారట. ఇప్పుడు చివరి అధ్యాయం నాకోసం చదువుతుంటే, వాళ్లు పుస్తకం వైపు చూడటం లేదు, నా ముఖంలోకి చూస్తున్నారు. కోటమ్మ అనే పెద్దావిడ, "ఇంకా తట్టలేదే ఈయనకి!" అని అరిచింది.

హంతకుడు శవాన్ని పరీక్షించిన డాక్టరు! బ్యారన్ వేడికి శవం చల్లబడదు. ఆ సంగతి తెలిసీ, ఒంటి వేడిని బట్టి చావు వేళ చెప్పి అందర్నీ తప్పుదారి పట్టించింది ఆయనే. స్టేజీ మీద జనం చూపంతా కుడిచేతి మీద ఉంచి, ఎడమ చేత్తో పని కానిచ్చేవాణ్ణి నేను. నా మీదే ఆ ఎత్తు వేశాడు ఆ రచయిత! ఓడిపోయినందుకు అంత సంతోషం ఎన్నడూ కలగలేదు. లేచి చప్పట్లు కొట్టాను.

"పుస్తకం మాత్రం ఇవ్వనండోయ్," అన్నారావిడ. "చదవాలనుకుంటే ఇక్కడికే రండి. వచ్చినవాళ్లకి భోజనం కూడా పెడతా." జీడిపప్పు కూరతో నాకూ పెట్టారు.

మధ్యాహ్నం చీరాలలో గుంటూరు బస్సెక్కాను. అరుదైన పుస్తకాలంటే అద్దాల బీరువాలో ఊపిరి బిగబట్టుకుని ఉండేవనుకునేవాణ్ణి. ఈ నవల మాత్రం పప్పు పొట్టు అంటిన చేతుల మధ్య హాయిగా బతుకుతోంది. పొన్నూరు దాటేసరికి ఆగలేకపోయాను. టికెట్టు వెనక కొత్త నవలకు మొదటి వాక్యం రాసేశాను: 'జీడిపప్పు గోదాము తలుపు తీసేసరికి కోటమ్మ కెవ్వుమంది.'