పోయిండు అంటే

ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో మేము పద్మారావు నగర్‌లో ఒక ఇంటి కింది పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం. పైన ఇంటి ఓనరు, స్కూల్ టీచరు, ఒక్కతే ఉండేది. అమ్మది కాకినాడ వైపు. టీచరుగారు సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగిన క్రైస్తవురాలు. సాయంత్రం సీరియల్ వేళకి ఆవిడ మెట్లు దిగొచ్చేది. ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని చూసేవాళ్ళు.

ఆ సీరియల్లో ఒకరోజు వచ్చిన సీను మా వీధిని రెండు ముక్కలు చేసింది. కథానాయికను మొగుడు వదిలేసి ఎవరితోనో లేచిపోయాడు. ఆ సంగతి చూసేవాళ్ళకి తెలుసు, ఏళ్ళ తర్వాత ఊరొచ్చిన మరిదికి తెలీదు. "అన్నయ్యేడి వదినా?" అన్నాడు. "పోయాడు" అంది. అన్న చచ్చిపోయాడనుకుని అతను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. ఆవిడ కాదనలేదు. మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అక్కడితో ఎపిసోడ్ అయిపోయింది.

ఇక చూడాలి మావాళ్ళని! అబద్ధమని కొందరు, కానే కాదని కొందరు. కిరాణా కొట్టు దగ్గర అదే గోల, మోండా మార్కెట్లో కూరల బేరం ఆపి మరీ అదే గోల. నాకు ఒళ్ళు మండేది. నోటితో అననే అనని మాటకి మనిషిని ఉరితీస్తారా అని అమ్మతో పోట్లాడాను.

మర్నాడు అమ్మ టీచరుగారి ముందు మొదలుపెట్టింది.

"బతికున్న మొగుణ్ణి నోటితో చంపేసింది. ఆడదేనా అది?"

టీచరుగారు టీ కప్పు కింద పెట్టింది. "గట్లెట్ల అంటరు వదినా? సచ్చిండు అన్నదా ఆమె?"

"పోయాడంటే చచ్చిపోయాడనే కదండీ టీచరుగారూ."

"మీ దిక్కు అంటరేమో. మా దిక్కు బజారుకు పోయినోణ్ణి సుత పోయిండనే అంటం."

అమ్మ నవ్వబోయి ఆగిపోయింది. మేము అద్దెకు దిగిన రోజు, మీవారేం చేస్తారని అమ్మ అడిగితే టీచరుగారు చెప్పిన ముక్క కూడా అదే. పోయిండు. అమ్మ ఆవిడ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ తర్వాత పేరంటాలకి పిలిచి ఆవిణ్ణి బాధపెట్టకూడదంది. ఆవిడ బొట్టు పెట్టుకోదు, హాల్లో ఆయన ఫోటోకి దండ లేదు. వాళ్ళలో ఆ అలవాట్లే లేవు, ఇక మాకెలా తెలుస్తుంది?

"అంటే మీవారు..." అంది అమ్మ.

"ఉన్నడు ఏడనో. సచ్చిపోతే మావోళ్ళు ప్రభువు పిలుసుకున్నడు అంటరు. నేనెన్నడన్న అట్ల అన్ననా?"

ఇన్నేళ్ళూ పాపం పాపం అని మేము తలుచుకున్న మనిషి నిక్షేపంగా ఉన్నాడు. "మేము అలా అనుకుంటున్నామని మీకు తెలుసా?" అని అడిగాను.

"మొదటి దినమే ఎర్కైంది బిడ్డా." అమ్మ వైపు తిరిగింది. "ఆ దినం మీరు నా చెయ్యి పట్టుకున్నరు వదినా. ఇడిసిపెట్టి పోయిండని చెప్తే పట్టుకుంటుంటిరా?"

అయ్యో, అదేం మాటండీ అని అమ్మ అంటుందని చూశాను. అమ్మ టీ కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. మా అమ్మ సంగతి నాకు తెలుసు. మొగుడు వదిలేసిన ఆవిడ ఇల్లని తెలిస్తే, ఆ పోర్షన్‌లో మేము దిగేవాళ్ళమే కాదు.