ఆయన మూత తీసి చూపించిన పెట్టె

మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పెళ్ళయిన కొత్తలోనే ఈ సంగతి నాకు తెలిసిపోయింది. మా పుట్టింటి వాళ్ళు వరి పండించుకునేవాళ్ళు. కొత్త ఎద్దుల జత తెచ్చినా, కొత్త చీర కొన్నా కొన్నాళ్ళు ఎవరికీ చెప్పేవాళ్ళు కాదు. దిష్టి తగులుతుందని కళ్ళంలో వడ్ల రాశి మీద పట్ట కప్పి గానీ మా నాన్న ఇంటికి వచ్చేవాడు కాదు. మా ఆయన వాళ్ళది మైపాడు దగ్గర సముద్రం ఒడ్డున ఒక పల్లె, వేట మీద బతికే ఇల్లు. అక్కడ అంతా తలకిందులు. కొత్తది ఏదైనా ముందు నలుగురికీ చూపించాలి, ఆ తర్వాతే వాడుకోవాలి. మేము ఫ్రిజ్ కొన్నప్పుడు ఆయన వాడకట్టు మొత్తాన్ని పిలిచి, తలుపు తీసి, లోపల ఏ అర దేనికో చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చూసిపోయిన వాళ్ళందరికీ టీ పెట్టింది నేను గదా మరి.

ఆయన కృష్ణపట్నం వైపు ఒక కరెంటు ప్లాంటులో కొన్నాళ్ళు ఎలక్ట్రీషియన్‌గా చేసి, మానేసి, రొయ్యల గుంటల మోటార్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. గుంటలో నీళ్ళు చిలికే చక్రాలు ఆగితే రొయ్యకు ఊపిరాడదు. కరెంటు పోయి, జనరేటరు కూడా మొరాయిస్తే ఒక్క పూటలో గుంటంతా పోతుంది. అట్లా పోయిన గుంటల గట్ల మీద తల పట్టుకుని కూర్చున్న వాళ్ళను ఆయన చాలామందిని చూశాడు. కరెంటు నిల్వ ఉంచే బ్యాటరీలు బజారులో లేక కాదు, మా ఉప్పుగాలికి అవి నిలవవు. గాలి ఆడడానికి పెట్టెకు కంతలు పెడితే ఉప్పు లోపలికి పోయి అతుకులు తినేస్తుంది. కంతలు మూసేస్తే లోపల సెల్లులు వేడెక్కి చస్తాయి.

ఆయన తను చేసిన బ్యాటరీ పెట్టెను గాలి చొరకుండా మూసేశాడు. అడుగున అల్యూమినియం పలక బిగించి, ఆ పలక గుంట నీళ్ళకు ఆనుకునేటట్టు పెట్టెను తేలనిచ్చాడు. సెల్లుల వేడి పలకలోకి, పలకలోంచి నీళ్ళలోకి పోతుంది. లోపల ఒక్కో వరస సెల్లులకు ఒక్కో అర. ఒక వరస చెడితే ఆ అర ఒక్కటే బయటికి లాగి మార్చుకోవచ్చు, తక్కినవి వాటి పని అవి చేసుకుంటూనే ఉంటాయి. చెప్పడానికి ఇంతే. ఇది కుదిరేలోపల ఆయన ఎన్ని పలకలు కాల్చాడో, నా వంటింట్లో ఎన్ని గిన్నెలు మాయమయ్యాయో నాకే తెలుసు. నా ఇడ్లీ పాత్ర ఆ ప్రయోగాల్లోనే పోయింది. దానికోసం నేను వారం రోజులు సణిగాను, ఆయన వారం రోజులూ నవ్వాడు.

పెట్టె తయారైందని తెలిసి మా బావగారు, అంటే ఆయన అన్న, షెడ్డుకు వచ్చారు. బావగారిది ఇప్పటికీ వేటే. పెట్టె చుట్టూ తిరిగి చూసి, "నీళ్ళల్లో దిగేదేదన్నా పడవేరా అబ్బయా. ఊరికి జెప్పకుండా దించేదేంది?" అన్నారు.

వాళ్ళ పల్లెలో ఒక పద్ధతి ఉంది. కొత్త పడవను దింపే రోజు పసుపు కుంకుమ పెట్టి, గంగమ్మకు టెంకాయ కొట్టాక, కట్టినవాడు అందరి ముందూ నిలబడి పడవలో ఏది ఎట్లా అతికాడో చెప్పాలి. ఏ చెక్క వాడాడు, ఏ మూల బలహీనం, నీళ్ళు ఊరితే ముందు ఎక్కడ చూడాలి, అన్నీ విప్పి చెప్పాలి. సముద్రం మధ్యలో పడవ వీడితే బాగుచేయాల్సింది పక్క పడవ వాళ్ళే గదా. ఫైబరు పడవలు వచ్చాక కూడా ఈ చెప్పించడం మాత్రం మానలేదు. దాచిన అతుకే మనిషిని ముంచుతుందని బావగారు అంటారు.

అట్లా మా బ్యాటరీ పెట్టెకు పడవ దింపుడు జరిగింది. మూతకు పసుపు పూశారు, నాలుగు మూలలా కుంకుమ పెట్టారు. ఆడవాళ్ళు హారతి ఇచ్చారు. ఆయన మూత తీసి, ఒక్కో అర బయటికి లాగి, పలకను తిరగేసి, ఊరందరికీ చెప్పాడు. బావగారికి వేట, చేపల ధరలు, కొత్త పడవలు చూపించే ఒక వీడియో ఛానెల్ ఉంది. ఫోన్లో అంతా తీసి ఆ సాయంత్రమే అందులో పెట్టారు. నేను కూడా ఆ గుంపులో నిలబడి చూశాను. ఆయన మొహం అంత వెలుగుగా నేను మళ్ళీ చూడలేదు.

ఆ వానాకాలం పోయాక ఎవరో స్నేహితుడు చెబితే పేటెంటు మాట వచ్చింది. చెన్నైలో ఒక లాయరమ్మను పట్టుకున్నాం. దీన్ని ఇంతకుముందు పత్రికలో గానీ, ఎగ్జిబిషన్‌లో గానీ బయటపెట్టారా అని ఆవిడ అడిగింది. లేదన్నాం. అబద్ధం కాదు. గంగమ్మకు టెంకాయ కొట్టడం ఎగ్జిబిషన్ అవుతుందని మాలో ఎవరికి తోస్తుంది? నేను బడిలో లెక్కలు చెబుతాను, నాకూ తోచలేదు. దరఖాస్తులో ఇంగ్లీషు నేనే సరిచూశాను. ఆవిష్కర్త అన్న చోట తన పేరు మీద వేలు పెట్టి ఆయన రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత, "మా నాయన పేరు గూడా పూర్తిగా రాయిమే," అన్నాడు.

పేటెంటు ఆఫీసులో పరీక్షకు మా వంతు కోసం ఎదురుచూస్తుండగానే ఆయన పోయాడు. పొద్దున్నే గుంట గట్టు మీద గుండె పట్టుకుని కూర్చున్నాడట. నెల్లూరు ఆసుపత్రి చేరేలోపే అయిపోయింది. ఆ ముందు రోజు కూర బాగాలేదన్నాడని నేను విసుక్కున్నాను. అట్లాంటివి తలుచుకుంటే అంతులేదు గనక తలుచుకోను.

ఆయన పోయాక నాకు మిగిలిన పంతం ఒక్కటే, ఆ పేటెంటు ఆయన పేరు మీద రావాలి. షెడ్డు ఖాళీ చేశాను, మోటార్లు ఎవరివి వాళ్ళకు ఇచ్చేశాను. ఆ దరఖాస్తును మాత్రం వారసురాలిగా నా చేతిలోకి తీసుకుని పట్టుకుని కూర్చున్నాను. బంధువులు, "ఆ కాగితంతో ఏం జేస్తావు?" అని అడిగితే, మీకెందుకన్నాను. నాకు కోపం ఎక్కువని వాళ్ళకు ముందే తెలుసు.

పేటెంటు పరీక్ష నివేదిక నేను బడిలో ఉండగా ఫోనుకు వచ్చింది. ఆవిష్కరణ కొత్తదా కాదా అని తేల్చడానికి, అంతకుముందు ప్రపంచంలో ఎక్కడైనా అది బయటపడిందేమో పరీక్షించే అధికారి వెతుకుతాడు. దొరికితే దాన్ని సాక్ష్యంగా చూపిస్తాడు. నివేదికలో మొదటి సాక్ష్యం ఒక వీడియో. ఏ దేశం వాళ్ళదో అనుకుంటూ స్టాఫ్‌రూములో కూర్చుని లింకు నొక్కాను.

"అందరూ కాస్త ముందుకు రాండబ్బా," అన్నాడు మా ఆయన.

పోయిన తర్వాత ఆ గొంతు వినడం అదే మొదలు. ఫోను బల్ల మీద పెట్టేసి, రెండు చేతులతో నోరు మూసుకున్నాను. పక్కన కూర్చున్న తెలుగు టీచరు ఏమైందని అడిగింది. ఏం చెప్పను? ఎవరో చైనా వాడు ముందే కనిపెట్టి ఉంటే సరే, మన రాత అనుకునేదాన్ని. ఆయనకు అడ్డం వచ్చింది ఆయనే. దరఖాస్తు కంటే ముందే, అంగుళం అంగుళం విప్పి, అంత బాగా చెప్పినవాడు లోకంలో ఇంకెవడూ లేడు.

లాయరమ్మకు ఫోను చేశాను. ఆవిడ పాపం మెత్తగానే మాట్లాడింది. "మేడం, దారి లేకపోలేదు. ఆయన అనుమతి లేకుండా ఎవరైనా దాన్ని తీసి బయటపెట్టి ఉంటే చట్టం మనల్ని కాపాడుతుంది. వీడియో పెట్టిన వ్యక్తి అట్లా ఒప్పుకుంటూ ప్రమాణపత్రం ఇస్తే ప్రయత్నం చేయొచ్చు. ఆలోచించుకుని చెప్పండి."

వీడియో గురించి అడగడానికి లాయరమ్మ ఫోను చేస్తే, నేను చెప్పకముందే బావగారికి సంగతి తెలిసిపోయింది. మర్నాడే బస్సెక్కి వచ్చారు. గుమ్మం దాటకుండా, చెప్పులు కూడా విప్పకుండా నిలబడి, "నేనేనమ్మా చెడగొట్టింది. వాడికి తెలీకుండా దొంగతనంగా తీసి పెట్టినానని రాయించు. సంతకం పెడతా," అన్నారు.

ఆ మనిషి జీవితంలో పక్కవాడి వలలో చేపను ముట్టినవాడు కాదు. అయినా నేను వెంటనే వద్దనలేదు. లాయరమ్మ ముసాయిదా పంపింది, దాన్ని తెలుగులో చదివి వినిపించాను. బావగారు తలూపుతూ విన్నారు. సంతకానికి ముందు వీడియోలో మన మాటకు అడ్డొచ్చేది ఏమైనా ఉందేమో చివరిదాకా చూడమని లాయరమ్మ చెప్పింది. నేను మొదటి మాట దాటి అప్పటివరకు చూడలేకపోయాను. ఆ రోజు ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూశాం.

వీడియో మధ్యలో మా ఆయన తలెత్తి నేరుగా మా వైపు చూశాడు. "అన్నా, ఈ పలక కాడ సరింగా పట్టు. యెనకాలోళ్ళకి గూడా కనపడాల." తర్వాత, మూత పెట్టేముందు, "ఇది ట్రయలు కాదబ్బా. ట్రయలు పోయిన నెల్లోనే అయిపోయినాది. ఇది పనిజేస్తా ఉండాది. ఎవురికి గావాలన్నా జూసి చేసుకోండి. తెలీకుంటే షెడ్డు కాడికి రాండి, చెప్తా."

నేను ఫోను ఆపేసి, ముసాయిదా తీసి చించేశాను.

బావగారికి కోపం వచ్చింది. "నా తమ్ముడి పేరు కన్నా నా పేరు ఎక్కవా ఏంది?" అని అరిచారు.

"మీ పేరు కోసం కాదు బావా," అన్నాను. "మీరు దొంగైతే ఆయన దాచుకున్నోడు అవుతాడు. ఇంత జేసి, ఊరి కాడ దాచిపెట్టుకున్నాడని నేను ప్రమాణం జేసి రాయాలి. ఆయన అట్టాంటి మనిషా?"

బావగారు చినిగిన ముక్కలు వంగి ఏరడం మొదలుపెట్టారు. నేనే చేయి పట్టుకుని ఆపాను.

ఇక మిగిలింది ఒకే వాదన. అది ప్రయోగ దశలో నలుగురి మధ్య చేయక తప్పని పరీక్ష మాత్రమేనని లాయరమ్మ విచారణలో చెప్పింది. విచారణ కంప్యూటర్ తెరమీదే జరిగింది. అధికారి మంచి మనిషి, నా భర్త పోయినందుకు విచారం చెప్పి గానీ మొదలుపెట్టలేదు. అంతా విని, వీడియోలో ఒక వాక్యానికి అర్థం చెప్పమని లాయరమ్మను అడిగాడు. ఏ వాక్యమో నాకు ముందే తెలుసు. ట్రయలు కాదబ్బా. ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇంకేవో సెక్షన్లు కూడా చెప్పింది గానీ, నాకు అక్కడే అర్థమైపోయింది. తెరమీద నా మొహం నాకే కనపడుతుంటే పైట చెంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

ఒకటి మాత్రం నాకిప్పటికీ మింగుడుపడదు. పేటెంటు ఇచ్చేవాళ్ళు అడిగేదీ, మా ఆయన వాళ్ళ పల్లె అడిగేదీ ఒకటే. చేసినవాడు ఏమీ దాచకుండా, ఇంకొకడు చూసి చేసుకునేంత వివరంగా విప్పి చెప్పాలి. ఎవరికి ముందు చెప్పావన్నదే తగాదా. ఆయన తనవాళ్ళకు ముందు చెప్పాడు.

దరఖాస్తు తిరస్కరించినట్టు ఉత్తర్వు వచ్చాక దాన్ని తీసుకుని పల్లెకు వెళ్ళాను. బావగారు ఇంటి ముందు పందిట్లో వల బాగుచేసుకుంటున్నారు. చుట్టూ ఇంకో నలుగురు ఉన్నారు. ఉత్తర్వులో మా ఆయన మాటలు ఇంగ్లీషులో పొల్లుపోకుండా రాశారు. నేను వాటిని మళ్ళీ తెలుగులోకి తిప్పి చదివాను. ఎవరికి కావాలన్నా చూసి చేసుకోండి అన్న చోట ఆగి, ఆ వాక్యం మళ్ళీ మొదటినుంచి చదివాను. పైకి అప్పీలుకు వెళ్ళొచ్చని లాయరమ్మ అన్నదని చెప్పాను. వెళ్ళనని కూడా చెప్పాను.

"ఇప్పుడది ఎవురిదని రాసినారు?" అని అడిగారు బావగారు.

"అందరిదీనంట."

ఆయన చేతిలో వల అల్లే సూది ఆగింది. దాన్ని వలలో గుచ్చి, "వచ్చుంటే ఏం జేసేదానివమ్మా? కంపినీవోళ్ళకి అమ్మేదానివా?" అన్నారు.

ఆ ప్రశ్న అంతకుముందు అడిగినవాళ్ళందరినీ నేను కసిరాను. ఆయనను కసరలేకపోయాను.

"అమ్మేదాన్ని కాదు బావా. పేటెంటుకు ఏటేటా రుసుము కట్టాలంట. కడతా ఉంటే ఇరవై ఏళ్ళదాకా బతికుంటాదంట. ఏటా పోయి ఆయన పేరు మీద కట్టొచ్చేదాన్ని."

బావగారు వల పక్కకు నెట్టేసి, మోకాళ్ళలో తల పెట్టుకుని, అంతమందిలోనూ బావురుమన్నారు.