అక్క మెడ మీది గుర్తులు

మా అక్కను ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంటికి ఇచ్చారు. మేముండేది ఆదోనిలో. నాన్న జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లు మోసేవాడు. అమ్మా నేనూ అక్కడే పత్తి ఏరేవాళ్లం.

ఒక ఎండాకాలం అక్క చంటివాణ్ణి ఎత్తుకుని పుట్టింటికి వచ్చింది. అంత ఉక్కలోనూ కొంగు మెడ చుట్టూ కప్పుకుంది. గొంతు బొంగురుపోయింది. సంగటి ముద్ద మింగలేకపోయింది.

"బాయికాడ కాలు జారినాను" అంది.

అమ్మ కొంగు తొలగించి చూసింది. మళ్లీ తనే సర్దింది. "మొగుడన్నాక కొడ్తాడు. నేను పడలేదా? ఓర్సుకోవల్ల."

గడప దగ్గర బీడీ తాగుతున్న నాన్న ఆ మాటకు తలెత్తలేదు.

మర్నాటికి నీళ్లు కూడా దిగకపోతే అక్కను ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడి నర్సమ్మ ఆలూరు వైపు మనిషి. నడివయసు దాటింది. అక్క మెడ చూసి, తలుపు దగ్గరగా వేసి, పక్కన కూర్చుంది.

"బాయికాడ జారితే మెడ మీద చేతేళ్ల గుర్తులు పడవు తల్లీ. ఎవురు పిసికినారు?"

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నూలు తెగినా, కూడు ఆలస్యమైనా కొడతాడని చెప్పింది. "మొన్న పిల్లోడు ఏడుస్తాంటే నా గొంతు పట్టుకున్న్యాడు. కండ్లు సీకట్లు కమ్మినాయి. వాని నోరు మూయించలేకపోయినాను, నాదే తప్పు."

"నీ తప్పు యేమీ లేదు" అంది నర్సమ్మ. "గొంతు పట్టుకున్నోడు ఇంగోతూరి సంపుతాడు. ఆడికి పోవద్దు."

ఆ మాట అంతవరకు అక్కతో ఎవరూ అనలేదు. గొంతు రాక, వెక్కిళ్లు లేకుండా ఏడ్చింది.

సాయంత్రం నర్సమ్మ మా ఇంటికే వచ్చి నాన్నకు అంతా చెప్పింది. నాన్న చేతిలోని బీడీ నేలకేసి నలిపాడు. "నా బిడ్డ పోదు" అన్నాడు. అమ్మ ఆయన వైపే చూస్తూ నిలబడి, వంటింట్లోకి వెళ్లింది. లోపలి నుంచి ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు అక్క కోసమో, తన కోసమో నాకు తెలియలేదు.

తర్వాత బావ పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. అక్క తిరిగి వెళ్లనంది. అయితే పిల్లవాడు తండ్రికే అని వాళ్లు తీర్పు చెప్పారు. కోర్టుకు పోదామని నర్సమ్మ చెప్పినా నాన్నకు ధైర్యం చాలలేదు. అక్క చంకలోంచి పిల్లవాణ్ణి లాక్కుపోయారు. ఆ రోజంతా ఆమె రవిక పాలతో తడుస్తూనే ఉంది.

నర్సమ్మే ఆసుపత్రిలో ఆయా పని ఇప్పించింది. అక్క బతికింది. మెడ మీది గుర్తులు మాసిపోయాయి.

కొన్నేళ్లకు ఎమ్మిగనూరు జాతరలో అక్క కొడుకు కనిపించాడు. బావ చేసుకున్న రెండో భార్య చెయ్యి పట్టుకుని వాడు నడుస్తున్నాడు. అక్క ఎదురెళ్లి మిఠాయి పొట్లం చాపింది. వాడు సవతి తల్లి కుచ్చిళ్ల చాటుకు పోయి, "ఎవురుమా ఈయమ్మ?" అన్నాడు.

 ఆ మనిషే పొట్లం తీసుకుని వాడి చేతిలో పెట్టింది. ఆమె కంటి కింద నల్లగా కమిలి ఉంది.

అక్క ఆమె మోచెయ్యి పట్టుకుంది. "ఆదోనికి రా సెల్లీ. ఆసుపత్రిలో నన్నడుగు. పిల్లోణ్ణి ఎత్తుకోనే రా."

ఆమె వస్తుందని అక్క చాలాకాలం ఎదురుచూసింది. ఆమె రాలేదు.